పాక్లిటాక్సెలా, డోసిటాక్సెలా: డాక్టరు రెండు పేర్లు చెప్పినప్పుడు ఏం చూసుకోవాలి

అమ్మకి రొమ్ము క్యాన్సర్. కీమోలో మొదట ఎక్కించే, ఎర్రగా ఉండే మందు (అందరూ ఎర్ర మందు అంటారు) నాలుగు సైకిళ్ళు, అంటే నాలుగు విడతలు, పూర్తయ్యాక డాక్టరు గారు కేసు షీటు మూసి, "ఇక రెండో మందు మొదలుపెడదాం. వారం వారం పన్నెండుసార్లు ఎక్కించే పాక్లిటాక్సెల్ ఉంది, మూడు వారాలకోసారి నాలుగుసార్లు ఎక్కించే డోసిటాక్సెల్ ఉంది. మీకేది వీలు?" అన్నారు. అమ్మ నా మొహం చూసింది. నేను నాన్న మొహం చూశాను. నాన్న గోడమీద క్యాలెండర్ చూసి, "తక్కువసార్లు వచ్చేదైతే మేలేమో సార్" అన్నారు. డాక్టరు గారు రిపోర్టులు మళ్ళీ తిరగేసి, "వయసు అరవై దాటింది, పోయినసారి తెల్ల రక్తకణాల కౌంట్ కూడా బాగా పడిపోయింది. వారానిదే పెడదాం" అని రాసేశారు. అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

మేము ఆయనకు చెప్పని సంగతి ఒకటుంది, ఆయన కూడా అడగలేదు. మా అమ్మ కావలిలో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. వేళ్ళే ఆమె జీవనాధారం. పాక్లిటాక్సెల్ ముందుగా పట్టేది వేళ్ళనే.

మూడేళ్ళకి పిన్నికి అదే జబ్బు వచ్చింది. పిన్నీ బాబాయ్ దర్శి దగ్గర పొగాకు, కంది వేస్తారు. ఆమెకు పదేళ్ళుగా షుగర్. ఒంగోలు డాక్టరు ఆమెకు డోసిటాక్సెల్ పెట్టారు. అలా అక్కచెల్లెళ్ళిద్దరికీ చెరో మందు పడింది. రెండిటికీ పక్కన కూర్చున్నదాన్ని నేనే. లాంగు నోట్‌బుక్కులో తేదీలతో రాసుకున్నవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మందు రాసేది వాళ్ళే. కానీ "మీకేది వీలు?" అని అడిగినప్పుడు క్యాలెండర్ వైపు చూడకుండా ఇంకేం చూడాలో చెప్పగలను.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ ఎంపిక అందరికీ ఉండదు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి వాడేది డోసిటాక్సెల్. అండాశయం క్యాన్సర్‌కి ఎక్కువగా పాక్లిటాక్సెల్‌తో కార్బోప్లాటిన్ కలిపి ఇస్తారు. డాక్టరు ఒకే పేరు చెబితే దానికి కారణం ఉంటుంది. నేను రాస్తున్నది ముఖ్యంగా రొమ్ము క్యాన్సర్‌లో ఎర్ర మందు తర్వాత రెండు దారులూ తెరిచి ఉన్నవాళ్ళ కోసం.

రెండూ ఒక చెట్టు జాతివే

రెండూ యూ అనే చలిదేశాల చెట్ల నుంచి వచ్చినవి. 1962లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ బెరడు కోసి పంపాడు. మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ ఆ బెరడులోంచి మందును విడదీసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. ఆ వాణీ మన దేశంలో పుట్టినవాడే. 1992 చివర్లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. అయితే ఒక చిక్కు: బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. ఫ్రాన్స్‌లో పియర్ పోతియే బృందం యూరప్ యూ చెట్టు ఆకుల్లోంచి దగ్గరి పదార్థాన్ని తీసి, దాన్ని లాబ్‌లో మార్చి డోసిటాక్సెల్ చేసింది. ఆకు కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. ఇప్పుడు పాక్లిటాక్సెల్ కోసం కూడా చెట్లు కొట్టడం లేదు, ఆకుల పదార్థం నుంచీ, మొక్క కణాలను ట్యాంకుల్లో పెంచీ తీస్తున్నారు.

మొక్క నుంచి వచ్చింది కాబట్టి మెత్తటి మందు అనుకునేవాళ్ళు మా బంధువుల్లోనే చాలామంది. గన్నేరు పప్పు కూడా మొక్కదే కదా అని నాన్న వాళ్ళ నోరు మూయించేవారు.

ఇది చేసే పని

మన తీరంలో సరుగుడు తోటలు చూసినవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు సరుగుడు కర్రలతో పరంజా కడతారు. పని అవగానే ముడులు విప్పి కర్రలు దించేస్తారు. మళ్ళీ పక్క గోడకి కడతారు. మన ఒంట్లో కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి గొట్టాలతో అలాంటి పరంజానే కట్టుకుంటుంది, విప్పుతుంది. జన్యుపదార్థాన్ని చెరిసగం అటూ ఇటూ లాగేది ఆ గొట్టాలే. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ ఆ ముడుల్ని ఊడకుండా బిగించేస్తాయి. కట్టిన పరంజా కట్టినట్టే ఉండిపోతే కణం చీలలేక మధ్యలో ఇరుక్కుని చచ్చిపోతుంది. ఈ సంగతి 1979లో సుసాన్ హార్విట్జ్ బయటపెట్టింది. అప్పటిదాకా తెలిసిన మందులన్నీ పరంజాను కట్టనివ్వకుండా ఆపేవే, విప్పనివ్వకుండా ఆపేది ఇదే మొదటిది.

కట్టనివ్వని మందు మన వాకిట్లో ఉంది. బిళ్ళ గన్నేరు. పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టీన్ దాన్నుంచే వస్తుంది. అలాగని ఆకులు నమిలితే క్యాన్సర్ తగ్గదు. ఒక గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. షుగర్‌కని పొద్దున్నే ఆ ఆకులు నమిలేవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. కీమో నడుస్తుండగా ఆ పని అసలు చేయొద్దు, చేస్తుంటే డాక్టరుకు దాచొద్దు.

వేగంగా చీలే కణాలన్నీ ఈ దెబ్బ తింటాయి. క్యాన్సర్ కణాలతోపాటు జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, ఎముక మజ్జలో రక్తం తయారుచేసే కణాలు కూడా. అందుకే జుట్టు రెండిటికీ ఊడుతుంది. అందులో ఎంపిక లేదు. అమ్మ "వెంకన్నకి ఇచ్చాననుకుంటాలే" అని ముందే గుండు కొట్టించుకుంది. తేడా అంతా మిగతావాటిలోనే.

గుణం ఎంత తేడా?

అందరూ మొదట అడిగేది ఇదే. ఎర్ర మందు తర్వాత ఏది ఎలా ఇస్తే మేలని అమెరికాలో సుమారు 5,000 మంది ఆడవాళ్ళ మీద పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2008లో వచ్చాయి. పాక్లిటాక్సెల్ మూడు వారాలకోసారి ఇవ్వడం కంటే వారం వారం ఇస్తే బాగా పనిచేసింది. జబ్బు తిరగబెట్టకుండా ఉండటంలోనూ, బతికి ఉండటంలోనూ మెరుగే. మూడు వారాల డోసిటాక్సెల్ కూడా జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించింది. కాబట్టి పాక్లిటాక్సెల్ అన్నప్పుడు మూడు వారాలదా, వారానిదా అని తప్పక అడగండి. మిగిలిన పోటీ వారం పాక్లిటాక్సెల్‌కీ, మూడు వారాల డోసిటాక్సెల్‌కీ మధ్య. ఆ రెండిట్లో మొగ్గు చూపేది మందు బలం కంటే మీ ఒళ్ళూ, మీ పనీ, మీ ఊరి దూరం.

వేళ్ళు, పాదాలు

నరాల్లో కూడా ఆ గొట్టాలే ఉంటాయి. అక్కడ అవి చీలడానికి కాదు, సరుకు రవాణాకి. వెన్నుపాము దగ్గరి కణం నుంచి కాలివేలి దాకా ఆహారం వాటి మీదే నడుస్తుంది. వాటిని బిగించేస్తే రవాణా మందగిస్తుంది. సాగర్ కుడి కాలువ సంగతి ప్రకాశం వాళ్ళకి చెప్పక్కర్లేదు: నీళ్ళు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టు. ఒంట్లో చివరి ఆయకట్టు కాలివేళ్ళు, చేతివేళ్ళ కొనలు. అందుకే తిమ్మిరి అక్కడే మొదలై పైకి పాకుతుంది.

ఇది రెండిటికీ ఉంటుంది, పాక్లిటాక్సెల్‌కి ఎక్కువ. పైన చెప్పిన పరీక్షలో వారం పాక్లిటాక్సెల్ తీసుకున్నవాళ్ళలో నూటికి 27 మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన నరాల సమస్య వచ్చింది. అమ్మకి ఆరోవారంలో మొదలైంది. "ఏందో మేయ్, వేళ్ళకి గుడ్డ చుట్టినట్టుండాది" అంది. ఎనిమిదో వారానికి సూదిలో దారం ఎక్కలేదు. పదో వారానికి జాకెట్టు హుక్కు ఏ వైపుందో చూస్తే తప్ప తెలిసేది కాదు. మేము దాన్ని నీరసం కింద జమకట్టి డాక్టరుకు ఆలస్యంగా చెప్పాం. అది మా తప్పు. ముందే చెబితే డోసు తగ్గించడమో, ఒక వారం ఆపడమో చేసేవారు. తిమ్మిరి ముదిరాక వెనక్కి రావడానికి నెలలు పడుతుంది. కొందరికి పూర్తిగా పోదు. మందు ఆపాక కూడా కొన్ని వారాలు పెరగవచ్చు.

ఎక్కించేటప్పుడు చేతులకీ కాళ్ళకీ ఐసు గ్లవ్స్ తొడిగితే కొందరికి తిమ్మిరి తగ్గుతోందని పరిశోధనలున్నాయి, ఖాయంగా పనిచేస్తుందని చెప్పలేరు. మా డే కేర్ వార్డులో అలాంటివి లేవు. తమ్ముడు రొయ్యల వాళ్ళ దగ్గర చిన్న థర్మోకోల్ పెట్టె తెచ్చి, జెల్ ప్యాకులు పెట్టుకొచ్చేవాడు. సిస్టర్లు మొదట నవ్వారు, తర్వాత పక్క మంచం వాళ్ళు కూడా పెట్టె తెచ్చుకున్నారు. చేయాలనుకుంటే డాక్టరును అడిగి మొదటి వారం నుంచే చేయండి. మేము ఏడో వారంలో మొదలుపెట్టాం.

కాబట్టి కుట్టుపని, పూలు కట్టడం, నగల పని, టైపింగ్, రొయ్యలు ఒలవడం, పొగాకు గ్రేడింగు, ఇలా వేళ్ళ మీద బతికేవాళ్ళు ఆ మాట డాక్టరు ముందు గట్టిగా చెప్పాలి. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవాళ్ళు కూడా. మొద్దుబారిన పాదానికి కంపముల్లు గుచ్చుకున్నా తెలియదు.

జ్వరం

డోసిటాక్సెల్ అసలు భయం ఇక్కడుంది. తెల్ల రక్తకణాలను ఇది బాగా కిందికి లాగుతుంది. అదే పరీక్షలో కౌంట్ పడిపోయి జ్వరం వచ్చినవాళ్ళు డోసిటాక్సెల్‌లో నూటికి 16 మంది, వారం పాక్లిటాక్సెల్‌లో ఒకరు. ఎక్కించిన మర్నాడో ఆ తర్వాతో కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఇస్తే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. దాని ఖర్చు వేరే. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద చికిత్స అయితే ఆ ఇంజెక్షన్ కూడా వస్తుందా రాదా అని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

పిన్నికి మొదటి సైకిల్‌లో ఆ ఇంజెక్షన్ పడలేదు. తొమ్మిదో రోజు రాత్రి చలి పుట్టింది. బాబాయ్ డోలో వేసి దుప్పటి కప్పారు. "పొద్దునకి తగ్గిద్దిలే" అందట పిన్ని. తెల్లారేసరికి మాట తడబడింది. 108లో ఒంగోలు తీసుకొచ్చాక ఆరు రోజులు ఐవీ (నరంలోకి ఎక్కించే) యాంటీబయాటిక్స్. ఇంకో నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో అని డ్యూటీ డాక్టరు అన్నమాట బాబాయ్ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇందులో తెలుసుకోవాల్సింది ఇది: కీమోలో ఉన్న మనిషికి 100.4 డిగ్రీల జ్వరం వస్తే అది రాత్రయినా, పండగయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిన జ్వరం. మాత్ర వేసి చూడకూడదు, మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది. మూడు వారాల సైకిల్‌లో కౌంట్ మరీ పడేది సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా. ఆ రోజుల్లో థర్మామీటర్ ఇంట్లో ఉండాలి, అర్ధరాత్రి బండి ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. మీ ఊరి నుంచి ఐవీ యాంటీబయాటిక్ ఇచ్చే ఆసుపత్రికి రెండు గంటలు పట్టేట్టయితే, ఇంట్లో ముసలివాళ్ళు తప్ప ఇంకెవరూ లేకపోతే, డోసిటాక్సెల్‌కి తలూపేముందు ఆ మాట డాక్టరుకు చెప్పండి.

తిండి సంగతి కూడా ఇక్కడే. చేపల పులుసు మర్నాడే రుచి అని మా నెల్లూరు వాళ్ళ నమ్మకం. నాకూ ఆ నమ్మకమే. కౌంట్ తక్కువున్న వారంలో మాత్రం ఏ రోజుది ఆ రోజే వేడివేడిగా తినాలి. అమ్మ ఈ ఒక్క విషయంలో నాతో చాలా పోట్లాడింది.

ఆముదం, స్టిరాయిడ్, షుగర్

పాక్లిటాక్సెల్ నీళ్ళలో కరగదు. ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావణంలో కలుపుతారు. అలర్జీ ఎక్కువగా ఆ ద్రావణం వల్లే. మొదటి, రెండో డోసులో, అదీ ఎక్కించడం మొదలైన పది నిమిషాల్లోపు రావచ్చు: మొహం ఎర్రబడటం, ఛాతీ పట్టేయడం, నడుము నొప్పి, దురద. అందుకే ముందు ఏవిల్ (అలర్జీ మందు), స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ పది నిమిషాలు మీరు టీ తాగడానికి బయటికెళ్ళొద్దు. రియాక్షన్ రాకపోతే తర్వాతి వారాల్లో స్టిరాయిడ్ తగ్గించవచ్చేమో అడగండి, చాలామందికి తగ్గిస్తారు.

డోసిటాక్సెల్ ద్రావణం వేరు. కానీ దీనికి స్టిరాయిడ్ మాత్రలు ముందురోజు నుంచే మూడు రోజులు వాడాలి, అలర్జీతో పాటు ఒంటికి నీరు పట్టకుండా కూడా. పిన్నికి రెండో సైకిల్ చీటీలో ఆ మాత్రలు రాయడం ఆసుపత్రిలో మర్చిపోయారు. దర్శి నుంచి పొద్దున్నే అయిదింటికి బయల్దేరి వచ్చాక, మాత్రలు వేసుకోలేదు కాబట్టి ఎక్కించలేమని తిప్పి పంపారు. తప్పు వాళ్ళదే, తిరిగింది మేము. ఆ రోజు నుంచి చీటీ చేతిలోకి రాగానే ఆ మాత్ర పేరు ఉందా లేదా అని చూసుకోవడం అలవాటయింది.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇక్కడ తిరకాసుంది. స్టిరాయిడ్‌కి షుగర్ ఎగబాకుతుంది. పిన్నికి ఆ మూడు రోజులూ మూడు వందలు దాటేది, ఇన్సులిన్ పెంచాల్సొచ్చింది. ఆ లెక్కన డోసిటాక్సెల్ వద్దనాలి. కానీ షుగర్ వల్ల ఆమెకు అప్పటికే పాదాలు మండుతున్నాయి. దెబ్బతిన్న నరాలకి పాక్లిటాక్సెల్ మరీ గడ్డు. ఒంగోలు డాక్టరు ఆ నరాల దెబ్బకే భయపడి డోసిటాక్సెల్ వైపు వెళ్ళారు. షుగర్‌ని ఇన్సులిన్‌తో పట్టుకోవచ్చు, పోయిన స్పర్శని తేలేం అన్నారు. జ్వరం కథ తర్వాత కూడా ఆయన లెక్క సరైనదనే నా అభిప్రాయం.

చిన్నవనిపించేవి

డోసిటాక్సెల్‌కి గోళ్ళు నల్లబడి లేచిపోతాయి, నోరు పూస్తుంది, కాళ్ళు వాస్తాయి, అరచేతులు ఎర్రబడి తొక్క లేస్తుంది. కళ్ళ వెంట నీళ్ళు ఆగకుండా కారితే అది ఏడుపో, పొగో అనుకోవద్దు, కన్నీటి దారి మూసుకుపోతుండవచ్చు, ముందే చూపిస్తే సరిచేయవచ్చు. అరుదుగా కొందరికి జుట్టు సరిగా తిరిగి రాదు. పాక్లిటాక్సెల్‌కి ఎక్కించిన రెండు మూడు రోజులకి ఒళ్ళు నొప్పులు, కీళ్ళ నొప్పులు. వారం డోసులో అవి తక్కువే. లివర్ బాగాలేనివాళ్ళకి రెండూ జాగ్రత్తే, డోసిటాక్సెల్ మరీ ప్రమాదం. కామెర్లు వచ్చి ఉంటే చెప్పండి.

రెండిటి ద్రావణంలోనూ ఆల్కహాల్ ఉంటుంది. ఎక్కించిన రోజు తూలినట్టుంటే ఆశ్చర్యపోవద్దు, బండి నడపొద్దు. "నీకు నిజంగానే మందు పోశారే" అని బాబాయ్ పిన్నిని ఆటపట్టించేవారు.

మూడో దారి

నాబ్-పాక్లిటాక్సెల్ అని ఒకటి చెబుతారు. అదే పాక్లిటాక్సెల్‌ని ఆముదం ద్రావణం లేకుండా మనిషి రక్తంలో ఉండే అల్బుమిన్ ప్రోటీన్‌కి అంటించింది. అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. అరగంటలో ఎక్కుతుంది, స్టిరాయిడ్ మామూలుగా అక్కర్లేదు. పాత పాక్లిటాక్సెల్‌కి గట్టి అలర్జీ వచ్చినవాళ్ళకీ, స్టిరాయిడ్ అసలు పడనివాళ్ళకీ ఇది వరమే. కానీ ఖరీదు ఎక్కువ, తిమ్మిర్లు తక్కువేం కాదు, ఎక్కువే కావచ్చు. "కొత్తది, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని ఎవరైనా చెబితే దానికోసం అప్పు చేయకండి.

నేనైతే

పెద్ద వయసు, కౌంట్ పడిపోయే ఒళ్ళు, ఆసుపత్రికి గంటలోపు దూరం ఉంటే వారం పాక్లిటాక్సెల్ వైపే నా మొగ్గు. ఏ వారానికావారం మనిషిని చూస్తారు, తేడా వస్తే ఆపవచ్చు. మూడు వారాల డోసు ఒకసారి లోపలికి పోయాక వెనక్కి తీయలేం. అప్పటికే పాదాల్లో మంటలున్నా, వేళ్ళే బతుకుతెరువైనా, పన్నెండు వారాలు తిరగడం కుదరకపోయినా డోసిటాక్సెల్ అడగొచ్చు. అయితే కౌంట్ ఇంజెక్షన్, థర్మామీటర్, రాత్రి బండి, ఈ మూడూ ఉన్నాకే. కావలి నుంచి నెల్లూరుకి రైలుంది కాబట్టి అమ్మకి పన్నెండు వారాలు గడిచాయి. దర్శి నుంచి ఒంగోలుకి పన్నెండుసార్లంటే బాబాయ్ కంది పంట వదిలేసుకోవాల్సిందే. అది కూడా కారణమే, చెప్పడానికి సిగ్గుపడాల్సింది కాదు.

అమ్మ సంగతికొస్తే, మళ్ళీ ఎంచుకోమంటే ఏం చేసేదాన్నో తేల్చుకోలేకపోతున్నాను. కౌంట్ చూస్తే డాక్టరు గారు రాసిందే సరి. కానీ ఆమె కుట్టుపని చేస్తుందని ఆ గదిలో ఎవరో ఒకరం చెప్పి ఉంటే, ఆరోవారం తిమ్మిరి ఆరోవారంలోనే ఆగి ఉండేదేమో.

తిమ్మిర్లకి మందుల షాపులో నరాల విటమిన్లని రకరకాల బిళ్ళలు ఇస్తారు. వాటిలో అసిటైల్ ఎల్-కార్నిటిన్ ఉందేమో డబ్బా మీద చదవండి. ఈ మందులతో పాటు అది వాడినవాళ్ళకి తిమ్మిరి తగ్గకపోగా పెరిగిందని పెద్ద పరీక్షలో తేలింది. మేము అది రెండు నెలలు వాడాం. నొప్పితో కూడిన తిమ్మిరికి పనిచేస్తుందని తేలింది డ్యులోక్సెటిన్ ఒక్కటే, అది డాక్టరు రాయాలి. అమ్మకి ఏడాదిన్నర తర్వాత చేతులు చాలావరకు వచ్చాయి, కాళ్ళు అంత రాలేదు. ఇప్పుడు మిషన్ సూదికి తీగ పెట్టి దారం ఎక్కిస్తుంది, హుక్కులు మాత్రం పక్కింటి పిల్లతో కుట్టిస్తుంది, జాకెట్టుకి అయిదు రూపాయలిచ్చి.